మనింట్లో ఏబీసీ ఆరు, పక్కూళ్లో ఏబీసీ ఏడు: అమెరికాలో శాటిలైట్ డిష్ మీద లోకల్ హెచ్‌డీ చానళ్లు ఎలా వస్తాయి, ఎందుకు రావు

న్యూజెర్సీలో వెస్ట్ విండ్సర్, ప్లెయిన్స్‌బరో పక్కపక్క ఊళ్లు. రెండింటికీ స్కూల్ డిస్ట్రిక్ట్ ఒకటే. తెలుగు కుటుంబాలు రెండు చోట్లా బాగానే ఉన్నాయి. ఒకే కంపెనీ డిష్‌ను రెండిళ్ల మీదా బిగించినా, వెస్ట్ విండ్సర్ ఇంట్లో ఏబీసీ అంటే ఫిలడెల్ఫియా స్టేషన్ డబ్ల్యూపీవీఐ, చానల్ 6. ప్లెయిన్స్‌బరో ఇంట్లో ఏబీసీ అంటే న్యూయార్క్ స్టేషన్ డబ్ల్యూఏబీసీ, చానల్ 7. వార్తలు వేరు, వాతావరణం వేరు, ఆదివారం ఫుట్‌బాల్‌లో చూపించే జట్టు కూడా తరచూ వేరు. మొదటి ఊరు మెర్సర్ కౌంటీలో, రెండోది మిడిల్‌సెక్స్ కౌంటీలో ఉండడమే ఇందుకు కారణం.

ఇండియాలో డీటీహెచ్‌కి అలవాటుపడ్డవాళ్లకి ఇది మింగుడుపడదు. ఈటీవీని ఢిల్లీలో పెట్టినా విజయవాడలో పెట్టినా అదే సీరియల్, అదే టైము. అమెరికాలో ఏబీసీ, సీబీఎస్, ఎన్‌బీసీ, ఫాక్స్ ఆ అర్థంలో చానళ్లు కావు. అవి కార్యక్రమాలు సరఫరా చేసే నెట్‌వర్కులు. వాటిని గాలిలోకి వదిలేవి ఊరూరా ఉన్న స్టేషన్లు. ఏ స్టేషన్ ఏ ఊళ్లదో తేల్చే పటాన్ని టీవీ ప్రేక్షకులను లెక్కించే నీల్సన్ సంస్థ గీసింది: దేశమంతా 210 మార్కెట్లు, దాదాపు అన్నిచోట్లా కౌంటీల గీతల వెంబడే. వీటినే డీఎంఏ అంటారు. న్యూజెర్సీకి సొంత డీఎంఏ లేదు. ఉత్తర భాగం న్యూయార్క్ కిందికి, దక్షిణ భాగం ఫిలడెల్ఫియా కిందికి పోతాయి. ఆ గీత సరిగ్గా ఈ రెండూళ్ల మధ్యనుంచి వెళ్లింది.

కాబట్టి శాటిలైట్‌లో లోకల్ హెచ్‌డీ రావాలంటే మూడు కలిసిరావాలి. మీ చిరునామాకి ఆ స్టేషన్ చూసే హక్కుండాలి. ఆ స్టేషన్‌ను మోసుకొచ్చే కిరణం మీ ఊరి మీద పడాలి. ఆ కిరణాన్ని పట్టే సరంజామా మీ ఇంటి మీద ఉండాలి. ఏది తప్పినా తెర నల్లబడుతుంది. ఒక్కోటి నల్లబడే తీరు మాత్రం వేరు. కస్టమర్ కేర్‌తో గంటసేపు మాట్లాడినా తెగని ఫిర్యాదులు చాలావరకు ఈ మూడింటినీ కలగాపులగం చేయడం వల్ల వచ్చినవే.

చట్టం ఏమంటుంది

ఒకప్పుడు డిష్ ఉన్నవాళ్లకి లోకల్ స్టేషన్లే వచ్చేవి కావు. 1988 నాటి చట్టం ప్రకారం, ఇంటి మీద యాంటెన్నా పెట్టినా స్టేషన్ అందని ఇళ్లకి మాత్రమే వేరే నగరపు నెట్‌వర్క్ స్టేషన్‌ను శాటిలైట్ ద్వారా ఇవ్వొచ్చు. 1999 నవంబర్లో వచ్చిన చట్టంతో ఎవరి మార్కెట్ స్టేషన్లను వాళ్లకే శాటిలైట్ ద్వారా ఇచ్చే వీలు కలిగింది. 2002 జనవరి 1 నుంచి దానికో షరతు తోడైంది: ఒక మార్కెట్లో ఆ చట్టమిచ్చిన లైసెన్సు కింద ఒక్క స్టేషన్‌ను తీసుకున్నా, అడిగిన స్టేషన్లన్నిటినీ తీసుకోవాల్సిందే. హెచ్‌డీకీ ఇదే సూత్రాన్ని, ప్రసారాల మీద అజమాయిషీ చేసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌సీసీ అంచెలంచెలుగా వర్తింపజేసింది. 2010 ఫిబ్రవరికి 15 శాతం మార్కెట్లతో మొదలై, 2013 ఫిబ్రవరి 17 నాటికి అన్నిటికీ వచ్చింది.

‘న్యూయార్క్ స్టేషన్ కూడా కావాలి, డబ్బు కడతాను’ అంటే కుదరదు. ఈ గీత దాటితే ఏమవుతుందో డిష్ నెట్‌వర్క్ అనే శాటిలైట్ టీవీ కంపెనీకి తెలిసొచ్చింది. అర్హత లేని ఇళ్లకీ దూరపు స్టేషన్లు అమ్మిందని తేల్చిన కోర్టు, 2006 డిసెంబర్ 1 నుంచి ఆ వ్యాపారాన్నే ఆపించేసింది. 210 మార్కెట్లకీ లోకల్స్ ఇవ్వడం మొదలుపెట్టాకే, 2010లో ఆ హక్కు తిరిగి దక్కింది. 2019 చివర్లో చేసిన చట్టం ఈ వెసులుబాటును ఇంకా బిగించింది. దూరపు స్టేషన్లు ఇప్పుడు ప్రధానంగా ఆర్‌వీల్లో (ఇల్లులా ఉండే బళ్లలో), లారీల్లో తిరిగేవాళ్లకీ, ఏదైనా నెట్‌వర్క్‌కి సొంత స్టేషనే లేని చిన్న మార్కెట్లకీ మాత్రమే.

హక్కున్నా చానల్ మాయమయ్యే సందర్భం ఇంకోటుంది. ప్రతి స్టేషనూ మూడేళ్లకోసారి రెండింట్లో ఒకటి ఎంచుకుంటుంది: ‘నన్ను ఉచితంగా తప్పనిసరిగా చూపించు’ లేదా ‘డబ్బిస్తేనే చూపించు’. పెద్ద స్టేషన్లన్నీ రెండోదే కోరుకుంటాయి. బేరం తెగకపోతే ఆ రాత్రికి చానల్ పోతుంది. 2024 సెప్టెంబర్ 1న డిస్నీతో ఒప్పందం ముగిసి, ఇంకో శాటిలైట్ కంపెనీ డైరెక్ట్‌టీవీలో డిస్నీ సొంత ఏబీసీ స్టేషన్లు ఆగిపోయాయి. మనం చెప్పుకున్న ఆరూ ఏడూ రెండూ వాటిలోవే. సెప్టెంబర్ 10న ఏబీసీ స్వయంగా ఫిలడెల్ఫియాలో నిర్వహించిన అధ్యక్ష అభ్యర్థుల చర్చ నాడు కూడా అవి లేవు. 14న తిరిగొచ్చాయి. ఇలాంటప్పుడు తెర మీద కంపెనీ సందేశం కనబడుతుంది, సిగ్నల్ లోపం అని కాదు. డిష్ ఎక్కి బోల్టులు తిప్పకండి.

ఆకాశంలో చోటు ఎంత

లెక్క వేస్తే చిక్కు ఎక్కడో తెలుస్తుంది. 210 మార్కెట్లు, ఒక్కోదానికి నాలుగు పెద్ద నెట్‌వర్కులు అనుకుంటే 840 హెచ్‌డీ చానళ్లు. స్టేషన్ గాలిలోకి వదిలేది సెకనుకు 19.39 మెగాబిట్లు. దాన్ని ఎంపెగ్-4 అనే వీడియో పద్ధతిలోకి కుదించి ఆరేడు మెగాబిట్లకి తెచ్చినా, 40 మెగాబిట్లు మోసే ట్రాన్స్‌పాండర్‌లో (ఉపగ్రహంలో సిగ్నల్‌ని అందుకుని కిందికి పంపే పరికరంలో) ఆరు చానళ్లు పడితే గొప్ప. అంటే ఇంచుమించు 140 ట్రాన్స్‌పాండర్లు కావాలి. పాత కేయూ అనే ఫ్రీక్వెన్సీ బ్యాండ్‌లో ఒక కక్ష్యా స్థానానికి ఉన్నవి 32. అందులోనే జాతీయ చానళ్లన్నీ సర్దుకోవాలి.

దీనికి దొరికిన ఉపాయమే స్పాట్ బీమ్. దేశమంతటి మీదా ఒకే కిరణాన్ని పరిచే బదులు, టార్చిలైటు వేసినట్టు కొన్ని వందల కిలోమీటర్ల మేర ఒక్కో ప్రాంతం మీద ఒక్కో సన్నని కిరణం వేస్తారు. డల్లాస్ మీద వాడిన ఫ్రీక్వెన్సీనే, కిరణాలు ఒకదానికొకటి తగలనంత దూరంలో ఉంటే, ఇంకో నగరం మీదా వాడొచ్చు. డైరెక్ట్‌టీవీ 2005లో ప్రయోగించిన స్పేస్‌వే 1, స్పేస్‌వే 2 లోకల్ హెచ్‌డీకి తెరతీసినవి. అవి పనిచేసింది 12 గిగాహెర్ట్జ్ దగ్గరి కేయూలో కాదు, 20 గిగాహెర్ట్జ్ దగ్గరి కేఏలో. ఇప్పటికీ ఆ కంపెనీ హెచ్‌డీకి ఆధారం 99, 103 డిగ్రీల పశ్చిమ రేఖాంశం దగ్గరున్న కేఏ ఉపగ్రహాలే. పాత కేయూ స్థానం 101 దగ్గర ఉంటుంది. డిష్ నెట్‌వర్క్ కేయూలోనే ఉండిపోయింది. తూర్పున ఉన్నవాళ్లకి ప్రధానంగా 61.5, 72.7 డిగ్రీల దగ్గరినుంచి, పడమటివాళ్లకి 110, 119, 129 నుంచి ఇస్తుంది.

కిరణం కౌంటీ గీత చూసి ఆగదు. న్యూయార్క్ మీద వేసిన వెలుగు వెస్ట్ విండ్సర్ మీదా పడే అవకాశం ఎక్కువ. అక్కడ డబ్ల్యూఏబీసీని ఆపుతున్నది ఆకాశం కాదు, బాక్సులోని అనుమతి. అదే డల్లాస్‌లో ఉండే బావగారి అకౌంట్ బాక్సు ఎడిసన్‌కి తెచ్చి పెట్టుకుంటే వ్యవహారం తిరగబడుతుంది: అనుమతి డల్లాస్‌దే, కానీ డల్లాస్ కిరణం న్యూజెర్సీకి చేరదు. జాతీయ చానళ్లన్నీ శుభ్రంగా వస్తాయి, లోకల్స్ మాత్రం రావు. డైరెక్ట్‌టీవీ బాక్సులో ఈ తేడాను రెండు అంకెలు పట్టిస్తాయి. 721 అంటే ఈ చానల్‌కి మీ అకౌంట్‌లో అనుమతి లేదని. 771 అంటే సిగ్నలే దొరకడం లేదని. మొదటిదానికి ఫోను, రెండోదానికి నిచ్చెన. ఇల్లు మారినప్పుడు బాక్సు తీసుకెళ్లి పెట్టుకుంటే చాలదు, సర్వీస్ అడ్రస్ మార్పించాలి అనేది ఇందుకే.

ఇంకో మలుపు: స్టేషన్ సిగ్నల్ మీ ఊరి టవర్ నుంచి నేరుగా ఉపగ్రహానికి పోదు. కంపెనీ ఆ నగరంలో యాంటెన్నాతోనో ఫైబర్‌తోనో దాన్ని పట్టి, ఫైబర్ లైన్ల మీద అప్‌లింక్ కేంద్రానికి పంపుతుంది. డైరెక్ట్‌టీవీకి కొలరాడోలోని కాజిల్ రాక్, డిష్ నెట్‌వర్క్‌కి వయోమింగ్‌లోని షైయెన్ అలాంటివి. అక్కడినుంచి దాదాపు 35,800 కిలోమీటర్లు పైకెళ్లి, అంతే దూరం దిగుతుంది. ఈ ప్రయాణానికీ, అంతకంటే ఎక్కువగా మధ్యలో కుదించి విప్పడానికీ సమయం పడుతుంది కాబట్టి, పక్కింటివాళ్లు యాంటెన్నా మీద చూస్తుంటే, వాళ్ల కేక మీకు టచ్‌డౌన్ కంటే ముందే వినబడుతుంది. ఆ నగరంలోని పట్టే చోట ఏ పరికరం చెడినా ఒక్క స్టేషన్ అందరి డిష్‌లలోనూ పోతుంది. యాంటెన్నాతో అదే చానల్ వస్తోందో లేదో చూడడం దీన్ని కనిపెట్టే సులువైన దారి.

ఇంటి మీద

ఏ కంపెనీ అనేది ధరను బట్టి కంటే చెట్లను బట్టి తేల్చుకోవడం మంచిది. ఎడిసన్‌లో నిలబడితే డైరెక్ట్‌టీవీ 101 ఉపగ్రహం నైరుతిగా, నిజ ఉత్తరం నుంచి 218 డిగ్రీల దిక్కులో, నేలకి 36 డిగ్రీల ఎత్తున ఉంటుంది. డిష్ నెట్‌వర్క్ 72.7 దాదాపు నేరుగా దక్షిణాన, 177 డిగ్రీల్లో, 43 డిగ్రీల ఎత్తున ఉంటుంది. 61.5 ఇంకొంచెం ఆగ్నేయానికి, 161 దగ్గర. నైరుతిలో ఓక్ చెట్టు, దక్షిణాన ఖాళీ ఉన్న ఇంటికి జవాబు తేలిపోయినట్టే. డల్లాస్ వైపు ఫ్రిస్కోలో 101 ఏకంగా 51 డిగ్రీల ఎత్తున ఉంటుంది కాబట్టి చెట్ల బాధ తక్కువ. డిష్ కంటే 30 అడుగులు ఎత్తున్న చెట్టు ఎడిసన్‌లో కనీసం 41 అడుగుల దూరంలో ఉండాలి, ఫ్రిస్కోలో 24 అడుగులు చాలు. దిక్సూచి వాడేవాళ్లకి ఒక హెచ్చరిక: న్యూజెర్సీలో సూది నిజ ఉత్తరానికి 12, 13 డిగ్రీలు పడమటికి తప్పి చూపిస్తుంది. 218 కావాలంటే దిక్సూచి మీద 230 దాకా తిప్పాలి. డిసెంబర్లో ఆకులు రాలాక బిగించిన డిష్ మే నెలలో మూగబోవడం ఇక్కడ ఏటా జరిగే తంతు.

డిష్‌ను మోసే గొట్టం నిలువుగా ఉండడం అన్నిటికంటే ముఖ్యం. రసమట్టం రెండు పక్కలా పెట్టి చూడండి. గొట్టం వంకరగా ఉంటే స్కేలు మీద అంకెలన్నీ అబద్ధాలే. కేఏ ఫ్రీక్వెన్సీ ఎక్కువ కాబట్టి అదే డిష్ దానికి ఇంకా సన్నటి చూపుతో చూస్తుంది. అర డిగ్రీ తప్పినా బాక్సులోని సిగ్నల్ మీటరు 101 మీద 95 చూపిస్తూనే ఉంటుంది, 99, 103 మీద మాత్రం అరవైల్లోకి జారుతుంది. ‘పాత చానళ్లు బాగున్నాయి, హెచ్‌డీలు మాత్రం చినుకు పడితే పోతున్నాయి’ అనే ఫిర్యాదుకి చాలావరకు ఇదే మూలం. 101ని పట్టుకున్నాక, సన్నపు సర్దుబాటు మరలతో 99, 103 రెండింటినీ చూస్తూ గరిష్ఠానికి తేవాలి. ఎండ కాసే రోజున డెబ్భై దాటని అంకె వానకి ఆగదు.

మీటరు తెర మీద 99(ఎస్), 103(ఎస్) అని ఉన్నవి స్పాట్ బీమ్ పేజీలు, (సీ) ఉన్నవి దేశమంతటివి. (ఎస్) పేజీల్లో సగానికి పైగా సున్నాలు కనబడితే కంగారు పడకండి. అవి వేరే నగరాల కిరణాలు, మీ ఇంటి మీద పడవు. (సీ) పేజీలు బాగుండి, (ఎస్)లో ఒక్కటీ అంకె చూపకపోతే అప్పుడు ఆలోచించాలి.

కేబుల్ దగ్గర జరిగే పొరపాటు దాదాపు ఎప్పుడూ ఒకటే. డైరెక్ట్‌టీవీ ఇప్పటి ఎల్‌ఎన్‌బీలు (డిష్ ముందు ఉండి సిగ్నల్‌ని పట్టే ముక్కలు) ఒకే తీగ మీద అన్ని ట్యూనర్లకీ సరిపడా పంపుతాయి. ఇన్‌స్టాలర్లు దీన్ని ‘స్విమ్’ అంటారు. ఆ తీగ మీద సిగ్నల్ 2150 మెగాహెర్ట్జ్ దాకా పోతుంది, తీగలోకి కరెంటు ఎక్కించే పవర్ ఇన్సర్టర్ నుంచి 21 వోల్టులు డిష్‌కి ఎక్కుతాయి. గోడలో ముందునుంచీ ఉన్న, ఒక తీగను కొన్నిగా చీల్చే కేబుల్ టీవీ స్ప్లిటర్ మీద 5-1000 అని రాసి ఉంటుంది. అది పై సిగ్నల్‌ని కోసేస్తుంది, కరెంటునూ ఆపొచ్చు. 2-2150 అని రాసి ఉన్నదే వాడాలి. పవర్ ఇన్సర్టర్‌ని స్ప్లిటర్‌లో కరెంటు వదిలే ఎర్ర గుర్తు కొసకే కలపాలి. ఇందుకు వాడే ఆర్‌జీ-6 రకం కేబుల్‌లో నడుమ తీగ మొత్తం రాగిదైతే మంచిది. ఇనుము మీద రాగి పూత ఉన్నది దూరం ఎక్కువైతే వోల్టేజీని తినేస్తుంది. తీగను గ్రౌండ్ బ్లాక్ గుండా పోనిచ్చి, అక్కడినుంచి 10 గేజ్ రాగి తీగతో ఇంటి కరెంటు ఎర్త్‌కి కలపాలి. నేలలో విడిగా కడ్డీ దిగేసి, దాన్ని ఇంటి ఎర్త్‌తో కలపకుండా వదిలేయడం ప్రమాదం.

బాక్సులో చేయాల్సింది కొంచెమే. హెచ్‌డీఎంఐ తీగే వాడాలి. పసుపు పిన్ను తీగ మీద హెచ్‌డీ రాదు. గైడ్ సెట్టింగుల్లో ఎస్‌డీ నకళ్లను దాచమనండి, లేకపోతే అదే నంబరు రెండుసార్లు కనబడి మసక బొమ్మే తెరుచుకుంటుంది. ఏబీసీ, ఫాక్స్ 720పీలో, సీబీఎస్, ఎన్‌బీసీ 1080ఐలో ఇస్తాయి కాబట్టి బాక్సులో రెండూ టిక్ చేసి ఉంచండి.

అపార్ట్‌మెంట్‌లో, అసోసియేషన్ ఉన్న కాలనీలో ‘డిష్ పెట్టొద్దు’ అంటే ఎఫ్‌సీసీ 1996 నాటి నిబంధన మీ వైపే ఉంటుంది. మీటరు వ్యాసం మించని డిష్‌ను మీరొక్కరే వాడుకునే బాల్కనీలో, పెరట్లో పెట్టుకోకుండా ఆపలేరు. అందరిదీ అయిన కప్పు మీద, బయటి గోడ మీద మాత్రం ఆ హక్కు లేదు. బాల్కనీ ఉత్తరానికి ఉంటే ఏ నిబంధనా ఉపగ్రహాన్ని ఇటు తిప్పలేదు.

యాంటెన్నా కూడా ఉండాలి

డిష్ ఉన్న ఇంటికి కూడా చిన్న యాంటెన్నా ఉండాలన్నదే మా సలహా. పొదుపు కంటే పెద్ద కారణం వాన. కేఏ సిగ్నల్‌ని దట్టమైన మేఘం కేయూ కంటే బాగా మింగుతుంది. టెక్సస్‌లో టోర్నడో హెచ్చరిక వచ్చే సాయంత్రం, లోకల్ వాతావరణ వార్తలు అత్యవసరమైన ఆ పావుగంటే, లోకల్ హెచ్‌డీ తెగిపోయే పావుగంట కూడా. యాంటెన్నా సిగ్నల్‌ని వాన అంతగా ఆపదు. బేరాలు చెడినా అది పోదు. శాటిలైట్ కంపెనీలు సాధారణంగా వదిలేసే 6.2, 6.3 లాంటి ఉప చానళ్లూ దాంట్లో వస్తాయి. లోకల్స్ లేకుండా ప్యాకేజీ తీసుకునే వీలు రెండు కంపెనీలూ కల్పించాయి కాబట్టి, యాంటెన్నా బాగా పనిచేసే ఇంటికి ఆ దారీ ఉంది.

అయితే కాగితంలా పల్చగా ఉండే యాంటెన్నా కొని కిటికీకి అంటిస్తే వెస్ట్ విండ్సర్‌లో సరిగ్గా చానల్ 6 రాదు. స్టేషన్లు చెప్పుకునే నంబరు వేరు, నిజంగా ప్రసారం చేసే నంబరు వేరు కావొచ్చు. 2009 జూన్ 12న అనలాగ్ ఆగిపోయాక చాలా స్టేషన్లు యూహెచ్‌ఎఫ్‌లో (పై ఫ్రీక్వెన్సీల్లో) ఉన్నాయి. డబ్ల్యూపీవీఐ మాత్రం నిజంగానే ఆరో చానల్ మీద, 82-88 మెగాహెర్ట్జ్‌లో ఉంది. ఆ తరంగానికి సరిపడే యాంటెన్నా కడ్డీ కొసనుంచి కొసకు దాదాపు ఐదున్నర అడుగులుండాలి. యూహెచ్‌ఎఫ్‌కి పది అంగుళాలు చాలు, అట్ట యాంటెన్నా చేసేది ఆ కొలతకే. ఫిలడెల్ఫియా రాక్స్‌బరో టవర్లకి అక్కడినుంచి 35 మైళ్లకు పైనే. పొడవాటి కడ్డీలున్న లో-వీహెచ్‌ఎఫ్ (అట్టడుగు ఫ్రీక్వెన్సీల) యాంటెన్నా అటకలోనో కప్పు మీదనో నైరుతిగా పెట్టాలి. న్యూయార్క్ 7, 11, డల్లాస్ డబ్ల్యూఎఫ్‌ఏఏ 8 కూడా వీహెచ్‌ఎఫ్‌లోనే ఉన్నా పై భాగంలో ఉన్నాయి కాబట్టి అంత పెద్ద కడ్డీలు అక్కర్లేదు.

యాంటెన్నా చానళ్లు డిష్ గైడ్‌లోనే కనబడి రికార్డు కావాలంటే అదనపు పరికరం కావాలి. డైరెక్ట్‌టీవీకి పాత బాక్సుల్లో ఏఎం21, కొత్తవాటికి లోకల్ చానల్ కనెక్టర్. డిష్ నెట్‌వర్క్ హాపర్ బాక్సుకి యూఎస్‌బీ ట్యూనర్ ఉంది. తీగ ఆదా చేద్దామని యాంటెన్నా సిగ్నల్‌ని డిష్ తీగలోకే కలిపితే డైరెక్ట్‌టీవీ దగ్గర గొడవ మొదలవుతుంది. బాక్సులు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే నెట్‌వర్క్ ఆ తీగ మీదే 475-625 మెగాహెర్ట్జ్‌లో నడుస్తుంది, యూహెచ్‌ఎఫ్ స్టేషన్లు ఉండేదీ అక్కడే. యాంటెన్నాకి వేరే తీగ లాగించండి. డిష్ బిగించే రోజునే చెబితే గోడకి ఒకే రంధ్రంతో రెండూ లోపలికొస్తాయి.